వియ్యంకుడి పొలం

శ్రోతలకు నమస్కారం.

విజయవాడలో బస్సెక్కితే రెండు గంటల్లో మచిలీపట్నం చేరతాం. పదిహేడో శతాబ్దంలో ఆ రేవులో ఆర్మీనియా వర్తకులు కూడా వ్యాపారం చేశారు. ప్రపంచంలో ఆర్మీనియన్ భాషలో మొదటి పత్రిక 1794లో మద్రాసులోనే అచ్చయింది. వాళ్ళ కష్టం గురించి మనం మాట్లాడుకోవడానికి ఈ మాత్రం చుట్టరికం చాలు.

1915 ఏప్రిల్ 24న, నేటి టర్కీకి ముందున్న ఒట్టోమన్ సామ్రాజ్యపు ప్రభుత్వం ఇస్తాంబుల్‌లో ఆర్మీనియన్ రచయితల్నీ, పెద్దల్నీ పట్టుకుపోయింది. తర్వాత ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించి, ఆడవాళ్ళనీ పిల్లల్నీ సిరియా ఎడారి వైపు నడిపించారు. దారిలో చంపినవాళ్ళు, ఆకలికీ దాహానికీ రాలిపోయినవాళ్ళు కలిపి దాదాపు 10 లక్షల మంది అని చాలామంది చరిత్రకారుల లెక్క. ఒక జాతినే తుడిచిపెడుతున్నారని అక్కడి అమెరికా రాయబారి హెన్రీ మోర్గెంథౌ ఆ జులైలోనే వాషింగ్టన్‌కు తంతి పంపాడు. అంటే అమెరికాకు తెలియక కాదు. యుద్ధంలో చాలామంది పోయారు గానీ అది జాతి నిర్మూలన కాదని టర్కీ ఈ రోజుకీ అంటుంది.

టర్కీ 1952 నుంచి నాటో సైనిక కూటమిలో అమెరికాకు మిత్రదేశం. 2007లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ఒకటి ఆ మారణకాండకు జాతి నిర్మూలన అని పేరు పెడుతూ తీర్మానం ఆమోదించగానే టర్కీ తన రాయబారిని వెనక్కి పిలిపించింది. అప్పుడు ఇరాక్‌లో యుద్ధం నడుస్తోంది, అక్కడి సైనికులకు విమానాల్లో వెళ్ళే సరుకులో ఎక్కువ భాగం టర్కీ మీదుగానే పోయేది. విదేశాంగ మంత్రులుగా పనిచేసిన 8 మంది వద్దని ఉత్తరం రాశారు. తీర్మానం అక్కడే ఆగిపోయింది. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. కొడుకు యుద్ధంలో ఉన్న తల్లికి వందేళ్ళ నాటి మాట కన్నా రేపటి విమానం ముఖ్యం. ఆ తల్లి మన పల్నాడులో ఉన్నా అదే అంటుంది.

కానీ మన ఇళ్ళలో ఒకటి చూస్తుంటాం. వియ్యంకుడి తండ్రి ఎవరి పొలమో కాజేశాడని ఊరందరికీ తెలుసు. పిల్ల ఆ ఇంట్లో కాపురం చేస్తున్నంత కాలం మనం నోరెత్తం. పిల్ల పుట్టింటికి తిరిగొచ్చిన నాడు పంచాయితీలో మొదట బయటికి తీసేది ఆ పొలం సంగతే. పొలం పోయినవాడి మనవడు ఓ మూల నిలబడి వింటుంటాడు. మనం అన్నది నిజమే, కానీ అతని కోసం అన్నది కాదు.

2019 అక్టోబరులో జరిగింది అదే. టర్కీ అంతకుముందే రష్యా క్షిపణులు కొన్నది. ఆ నెలలో సిరియాలో అమెరికాకు తోడుగా పోరాడిన కుర్దు జాతివాళ్ళ మీదికి సైన్యాన్ని పంపింది. అదే నెల 29న అమెరికా ప్రతినిధుల సభ 405-11 ఓట్లతో జాతి నిర్మూలన అన్న ఆ పాత మాట అనేసింది. 2021లో అధ్యక్షుడు బైడెన్ కూడా అన్నాడు. నాకు సంతోషం కలిగింది, దానితో పాటు బాధా కలిగింది. కోపంలో తీసిన నిజాన్ని అవతలివాడు కర్రలాగే చూస్తాడు. చచ్చిపోయినవాళ్ళు అతని తలపుకే రారు.

జర్మనీ తీరు నాకు నచ్చింది. 2016లో శరణార్థుల విషయంలో యూరప్‌కు టర్కీతో ఎంతో అవసరం. ఒప్పందం కుదిరి మూడు నెలలు కూడా కాలేదు. అలాంటప్పుడే, జూన్ 2న జర్మన్ పార్లమెంటు ఆ మాట అంది. పైగా ఆ యుద్ధంలో ఒట్టోమన్లకు మిత్రదేశంగా తన వంతు తప్పునీ ఒప్పుకుంది. టర్కీ రాయబారి అలిగి వెళ్ళాడు, కొన్ని నెలలకు తిరిగొచ్చాడు. ఒప్పందం చెడలేదు.

2019లో జలియన్‌వాలాబాగ్‌కు నూరేళ్ళు నిండినప్పుడు బ్రిటన్ ప్రధాని థెరిసా మే విచారం చెప్పింది గానీ క్షమాపణ చెప్పలేదు. ఆ రెండు మాటల మధ్య దూరమెంతో మనకు తెలుసు. అయినా ఆర్మీనియన్ల విషయంలో మన ప్రభుత్వం ఇంతవరకు అధికారికంగా ఆ మాట అనలేదు. 2023 భూకంపంలో మన సహాయక బృందాలు టర్కీ వెళ్ళి శిథిలాల్లో మనుషుల కోసం వెతికాయి. ఆ చనువున్న రోజుల్లోనే మెల్లగా అని ఉండాల్సింది. ఇప్పుడు టర్కీతో మనకు పొసగడం లేదు, ఆర్మీనియాకు ఆయుధాలు అమ్ముతున్నాం. ఇక మనమూ కోపంలోనే అంటామేమోనని నా దిగులు.

సెలవు.