వాన వల్ల నష్టమా, నష్టం వల్ల వానా?

అక్క: నమస్తే. హనుమకొండలో మా ఇంటి పైగదిలో కూర్చుని మాట్లాడుతున్నాం. కిటికీ వేశాం కానీ, కూరగాయల బండి మైకు వినిపిస్తే సర్దుకోండి. నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. పక్కనున్నది మా తమ్ముడు, ఎనుమాముల వైపు ఒక జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజలు తీసే మిల్లులో, ఆఫీసు పని చూస్తాడు. ఇవాళ ఇంగ్లిష్‌లో కారణం చెప్పే మాటల గురించి మాట్లాడుకుందాం. పోయిన వారం వీడు ఒక మెయిల్ పంపాడు. ఏం రాశావో చెప్పరా.

తమ్ముడు: పరువు తీయకక్కా.

అక్క: అది నువ్వే తీసుకున్నావు. చెప్పు.

తమ్ముడు: షెడ్డులోకి వాన నీళ్లొచ్చి నలభై పత్తి బేళ్లు తడిశాయి. మాల్ లేటవుతుందని కొనే పార్టీకి చెప్పాలి. "ద డ్యామేజ్ రిజల్టెడ్ ఇన్ హెవీ రెయిన్" అని రాశాను. పది నిమిషాల్లో ఆయన ఫోన్. "తమ్మీ, మీ దగ్గర బేళ్లు తడిస్తే వాన పడుతదా? అట్లయితే ఎండాకాలం మా ఊరికి నాలుగు బేళ్లు పంపు" అని ఒకటే నవ్వు.

అక్క: తెలుగులో నీకు ఈ తిప్పలు రావు. "వాన వల్ల నష్టం జరిగింది" అన్నా, "నష్టం జరిగింది వాన వల్ల" అన్నా ఒకటే. ఎందుకంటే "వల్ల" వానను వదలదు, వాన ఎటు పోతే అటే పోతుంది. ఇంగ్లిష్‌లో ఆ పని క్రియది, దాని వెనకున్న చిన్న మాటది. "రిజల్ట్ ఇన్" రాస్తే కారణం ముందుండాలి, ఫలితం తర్వాత రావాలి. "రిజల్ట్ ఫ్రమ్" రాస్తే తిరగబడుతుంది. ఫ్రమ్ అంటే ఎక్కణ్నుంచి వచ్చిందో అదన్నమాట. "ద డ్యామేజ్ రిజల్టెడ్ ఫ్రమ్ హెవీ రెయిన్" అంటే సరిపోయేది.

తమ్ముడు: సరే. మరి రోజూ వాడే "డ్యూ టు" సంగతేంది? మా ఆఫీసులో అది లేకుండా మెయిల్ ఉండదు. "డ్యూ టు రెయిన్ కేమ్", "డ్యూ టు పవర్ వాజ్ గాన్".

అక్క: అది మన ఊరి జ్వరం. "డ్యూ టు", "బికాజ్ ఆఫ్" రెండింటి తర్వాతా నామవాచకం మాత్రమే రావాలి. రెయిన్, పవర్ కట్, హై మాయిశ్చర్, ఇట్లాంటివి. క్రియతో నిండు వాక్యం వస్తే ఒట్టి "బికాజ్" చాలు. మీ పత్తితోనే చూడు. మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ ఎంత ఉండాలి?

తమ్ముడు: 8 శాతం దాకా ఉంటే పూర్తి ధర. అక్కణ్నుంచి 12 దాకా ధర తగ్గిస్తూ పోతారు. 12 దాటితే కొనరు. మీటరు పెట్టకముందే పెద్దాయనలు గుప్పెడు పత్తి పిసికి వదిలి చెప్పేస్తారు. చల్లగా తగిలి, ముద్ద విచ్చుకోకపోతే అంతే సంగతులు.

అక్క: అయితే "దే డిడ్ నాట్ బై ఇట్ బికాజ్ ద మాయిశ్చర్ వాజ్ హై". ఇక్కడ "వాజ్" ఉంది, కాబట్టి "బికాజ్". "దే డిడ్ నాట్ బై ఇట్ బికాజ్ ఆఫ్ హై మాయిశ్చర్". ఇక్కడ క్రియ లేదు, కాబట్టి "ఆఫ్". అసలు ఆ మాట పుట్టిందే "బై", "కాజ్" అనే రెండు మాటలు అతుక్కుని. మధ్యయుగాల ఇంగ్లిష్‌లో, ఫ్రెంచి వాళ్ల మాటను చూసి అట్లా చేసుకున్నారు. "ఫలానా కారణం చేత" అన్నట్టు. అందుకే "ఆఫ్" దానికి అంత సహజంగా తగులుకుంటుంది.

తమ్ముడు: చిన్నప్పుడు సారు బికాజ్‌తో వాక్యం మొదలుపెట్టొద్దని కొట్టేవాడు కదా.

అక్క: మొదలుపెట్టొచ్చు. కానీ ఆయన భయం ఊరికే కాదు. మనం తెలుగులో "నేను రాలేదు. ఎందుకంటే వాన పడింది." అని చుక్క పెట్టి రాస్తాం, అది మనకు నిండు వాక్యమే. అదే చేత్తో ఇంగ్లిష్‌లో "ఐ డిడ్ నాట్ కమ్. బికాజ్ ఇట్ రెయిన్డ్." అని రాస్తే రెండో ముక్క తోక తెగిన బల్లిలా ఉంటుంది. బికాజ్ ముందొస్తే కామా పెట్టి అసలు వాక్యం కూడా అక్కడే చెప్పాలి.

తమ్ముడు: మరి లీవ్ లెటర్? "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్". నాకు ఇంగ్లిష్‌లో నోటికొచ్చిన మొదటి వాక్యం అదే. జ్వరం లేకున్నా అదే రాసేవాణ్ని.

అక్క: మనందరిదీ అదే. వ్యాకరణం బాగానే ఉంది, కానీ "యాజ్"కు "అప్పుడు" అనే అర్థం కూడా ఉంది. "సిన్స్" కూడా అంతే. "సిన్స్ ద మెషీన్ స్టాప్డ్, వి హ్యావ్ సెంట్ నథింగ్" అంటే ఆగినప్పటి నుంచా, ఆగినందుకా? లెక్క తేలదు. అనుమానముంటే బికాజ్ వాడండి. అది మోటు మాటేం కాదు.

తమ్ముడు: "కాబట్టి"కి "సో" రాస్తే సరిపోతుందా?

అక్క: సగం సరిపోతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన తప్పు ఇక్కడే ఉంది. మా క్లాసులో రామప్ప గుడి మీద వ్యాసం రాయించాను. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, అన్నీ బాగా రాశారు. శిఖరం ఇటుకల దగ్గర ఒకమ్మాయి "ద బ్రిక్స్ ఫ్లోట్, సో దే ఆర్ లైట్" అని రాసింది.

తమ్ముడు: తప్పేముంది? నీళ్లలో తేలుతాయి కాబట్టి తేలికైనవే కదా.

అక్క: అది నువ్వు చూసి ఊహించుకున్న సంగతి. అసలు కారణం అటువైపు నడుస్తుంది. ఇటుక నిండా సన్నసన్న బొరియలుండి తేలికైంది, తేలికైనందుకు తేలుతోంది. మన "కాబట్టి" రెండు పనులూ చేస్తుంది, రుజువు చూపించడం, కారణం చెప్పడం. "సో" కూడా చేస్తుంది, కానీ రాతలో చదివేవాడు దాన్ని ముందు కారణంగానే తీసుకుంటాడు. తేలడం వల్ల తేలికైందనుకుంటాడు. రుజువు చెప్పాలంటే "విచ్ షోస్ దట్ దే ఆర్ లైట్" అనాలి. కారణం చెప్పాలంటే "దే ఆర్ సో లైట్ దట్ దే ఫ్లోట్".

తమ్ముడు: ఆగు, "సో దట్" కూడా నేను తెగ వాడతాను. "ఇట్ రెయిన్డ్ సో దట్ బేల్స్ గాట్ వెట్".

అక్క: రాతలో "సో దట్" పక్కపక్కన వస్తే చాలాసార్లు ఉద్దేశం అని అర్థం. మీ బేళ్లు తడపడానికే వాన పనిగట్టుకుని వచ్చినట్టుంది.

తమ్ముడు: మా ఓనరు నమ్ముతాడు, ఆ రోజు ఆయన మూడ్ చూస్తే.

అక్క: ఇంకొకటి, ఎవరూ చెప్పరు గానీ చెవికి తగిలేది. "కాజ్" అనే క్రియ. మైఖేల్ స్టబ్స్ అనే భాషా శాస్త్రవేత్త 1995లో పెద్ద పాఠ్యరాశులు, అంటే పోగేసిన ఇంగ్లిష్ పాఠాలు, వెతికి చూస్తే, దాని పక్కన ఎక్కువగా వచ్చినవి నష్టం, సమస్య, జబ్బు లాంటి చెడ్డ మాటలే. మన "కారణం"కు ఆ మచ్చ లేదు. అందుకే "ట్రైనింగ్ కాజ్డ్ ఇంప్రూవ్‌మెంట్" అంటే తప్పని చెప్పలేం గానీ పంటి కింద రాయిలా ఉంటుంది. "లెడ్ టు" అంటే హాయి. పిల్లలు "మీ వల్లే పాసయ్యాం మేడమ్" అంటారు, నాకు సంతోషం. దాన్నే "డ్యూ టు యు, ఐ పాస్డ్" అని కార్డు మీద రాసిస్తే ఏదో నేరం మోపినట్టుంటుంది. "థాంక్స్ టు యు" ఉంది కదా. సరే, నీ మెయిల్ మళ్లీ రాశావా?

తమ్ముడు: రాశాను. "రెయిన్ వాటర్ ఎంటర్డ్ ద షెడ్, అండ్ ఫార్టీ బేల్స్ గాట్ వెట్. బికాజ్ వి హ్యావ్ టు ఓపెన్ అండ్ డ్రై దెమ్, ద లోడ్ విల్ బి టూ డేస్ లేట్."

అక్క: శభాష్. బికాజ్ ముందొచ్చింది, కామా ఉంది, తోక తెగలేదు. వాన ఏం చేసిందో, మీరేం చేస్తున్నారో వేరువేరుగా కనబడుతోంది. సబ్జెక్ట్ లైనులో ఏం పెట్టావు?

తమ్ముడు: అది మార్చలేదక్కా. "డిలే డ్యూ టు రెయిన్".

అక్క: ...ఉండనీ. అక్కడ కరెక్టే.