బరంపురంలో మూడు ప్లేట్లు: డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్ ఏ అచ్చులో ఎలా పలికింది

మేనకోడలు: అందరికీ నమస్కారం. ఈసారి బరంపురం నుంచి, మా మావయ్య వాళ్ళ వెనక గదిలోంచి మాట్లాడుతున్నాను. ఫ్యాన్ ఆపేశాం, కిటికీలు మూసేశాం. మే నెలలో ఇది మామూలు సంగతి కాదు. కానీ ఈ ఎల్‌పీ గుండె చప్పుడుతో మొదలవుతుంది, అది వినబడాలి కదా. మావయ్యా, బల్ల మీద ఏమేం ఉన్నాయో చెప్పు.

మావయ్య: మూడు ప్లేట్లమ్మా, అంటే గ్రామఫోన్ రికార్డులు. మూడూ ఇంగ్లండ్ రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ డార్క్ సైడ్ ఆఫ్ ది మూనే. 1973 మార్చిలో వచ్చిన రికార్డు. ఒకటి నాది, కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయింది. రెండోది ఇంగ్లండ్ అచ్చు. ఇక్కడ మెడికల్ కాలేజీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన అప్పట్లో లండన్ నుంచి తెచ్చుకున్నారు, అడిగితే ఓ వారం ఇచ్చారు. మూడోది నువ్వు తెచ్చిన కొత్తది.

మేనకోడలు: అది 2016 అచ్చు. జేమ్స్ గత్రీ, జోయెల్ ప్లాంట్, బెర్నీ గ్రండ్‌మన్ కలిసి మళ్ళీ మాస్టరింగ్ చేశారు, అంటే ప్లేటు చేసే ముందు శబ్దాన్ని చివరిసారి సరిచేయడం. 180 గ్రాముల ప్లేటు. నీ ప్లేటు కథ ముందు చెప్పు, వినేవాళ్ళకి తెలియాలి.

మావయ్య: నాది రైల్వే ఉద్యోగం. మనూరు హౌరా, మద్రాస్ లైను మీద ఉంది కాబట్టి నాకు రెండు ఊళ్ళూ అందుబాటే. మద్రాసు వెళ్తే మూర్ మార్కెట్, అది 1985లో కాలిపోయింది. కలకత్తా వెళ్తే ఫ్రీ స్కూల్ స్ట్రీట్. ఈ ప్లేటు ఆ స్ట్రీట్‌లో ఫుట్‌పాత్ మీద 30 రూపాయలకి కొన్నాను, సెకండ్ హ్యాండ్. 1981 అనుకో. రాత్రి మెయిల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. పైన పెడితే ఎండకి వంగిపోద్ది, కింద పెడితే ఎవడో తొక్కేస్తాడు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కదా, ఆ రాత్రి ఈ గదిలోకి నీళ్ళొచ్చాయి. అట్ట మొత్తం నాని పిండయిపోయింది. ప్లేటు మిగిలింది.

మేనకోడలు: అట్ట లేదు కాబట్టే మీ అత్తగారి పాత చీర ముక్కలో ఉంది ఇప్పుడు.

మావయ్య: పట్టు చీర ముక్క. పట్టు గీతలు పెట్టదు.

మేనకోడలు: సరే. మొదటి రాత్రి మనం చేసిన తప్పు నుంచి మొదలుపెడదాం. ఎందుకంటే ఇంట్లో ఇలా పోల్చి చూసేవాళ్ళు ఎక్కువమంది అదే చేస్తారు.

మావయ్య: గట్టితనం. మూడు ప్లేట్లనీ వాల్యూమ్ గుండీ కదపకుండా వరసగా ఆడించాం. ప్లేటు కోసినప్పుడు, అంటే పాటని గాడిగా చెక్కినప్పుడు, ఒక్కోదాన్ని ఒక్కో మట్టంలో కోస్తారు. ఒకటి కాస్త గట్టిగా పలికితే చాలు, చెవి దాన్నే మంచిది అంటుంది. బేసు ఎక్కువుందంటుంది, గొంతు దగ్గరగా ఉందంటుంది. నిజానికి గట్టిగా ఉంది, అంతే. రెండో రాత్రి ఫోన్లో శబ్దం కొలిచే యాప్ పెట్టి, టైమ్ పాటలో ఒకే చోట మూడింటినీ ఒకే అంకెకి తెచ్చాం. అప్పుడు మొదటి రాత్రి రాసుకున్న కాగితం సగం కొట్టేయాల్సొచ్చింది.

మేనకోడలు: ఇంకొకటి, ఏ ప్లేటు ఆడుతోందో మనకి తెలియకూడదు అనుకున్నాం. కర్టెన్ వెనక అత్తయ్య ప్లేట్లు మార్చింది. మనం ఒకటో ప్లేటు, రెండో ప్లేటు అని మాత్రమే రాసుకున్నాం. వినడానికి ముందు మూడింటినీ కడిగాం. ఆ కడుగుడు కూడా చెప్పు, మనూళ్ళో అదే పెద్ద పని.

మావయ్య: సముద్రం గాలి. తేమ. నల్ల ప్లేటు మీద బూజు తెల్లగా మచ్చలు మచ్చలుగా పడుతుంది, చాలామంది అది దుమ్మనుకుని గుడ్డతో రుద్దేస్తారు. రుద్దితే గాడిలోకి వెళ్ళి కూర్చుంటుంది. డిస్టిల్డ్ వాటరు, బ్యాటరీలో పోసేది కాదు, మందుల షాపులో దొరికే శుభ్రమైనది. అందులో రెండు చుక్కలు మెత్తటి లిక్విడ్ సోపు. మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే, అడ్డంగా ఎప్పుడూ కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటరుతో మళ్ళీ. నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. కొళాయి నీళ్ళు వాడితే ఆరాక సున్నం మిగిలిపోద్ది. అదీ చిటపటే.

మేనకోడలు: ఇప్పుడు విన్నదానికి వద్దాం. గుండె చప్పుడు దగ్గర?

మావయ్య: అక్కడ ఒప్పుకోవలసిందే. నీ కొత్తది నిశ్శబ్దంగా ఉంది. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఏమీ లేదు. ఇంగ్లండ్ ప్లేటులో సన్నగా ఓ గాలి వినిపిస్తుంది. నాదాంట్లో గరగర మొదలయ్యాకే గుండె మొదలవుతుంది. అప్పట్లో మన దేశంలో ప్లేట్లు పోసిన వినైలు నాణ్యత ఒక్కోసారి ఒక్కోలా ఉండేది, అది దాచాల్సిన మాట కాదు. దాని మీద నేను ఆడించిన ఆటలు కూడా ఉన్నాయి.

మేనకోడలు: టైమ్ పాటలో గడియారాలు?

మావయ్య: అబ్బీ రోడ్ స్టూడియోలో ఇంజనీరు ఆలన్ పార్సన్స్ పాత గడియారాల కొట్టుకి వెళ్ళి ఒక్కో గడియారాన్నీ విడిగా రికార్డు చేసి తెచ్చాడు. ఆ గంటల తోక ఎంతసేపు వినిపిస్తుందో చూడు. ఇంగ్లండ్ ప్లేటులో ఒక్కో గంటా విడిగా చచ్చిపోతుంది. కొత్తదాంట్లోనూ అంతే, కాస్త మెరుపు తక్కువ. తర్వాత వచ్చే డ్రమ్ములు మాత్రం నాకు ఇంగ్లండ్ ప్లేటులోనే చర్మం మీద దెబ్బలా తగిలాయి. అది నా చెవి మాట, నీది వేరుగా ఉండొచ్చు.

మేనకోడలు: వేరే. నాకు కొత్తదాంట్లో బేసు గిటారు స్పష్టంగా ఉంది, నేను దానికే మార్కు వేశాను. ఇప్పుడు అసలు విషయం. మొదటి వైపు చివరి పాట, ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై.

మావయ్య: క్లేర్ టోరీ ఆలాపన. మాటలు లేవు, గొంతు ఒక్కటే. ఆ పాడినందుకు ఆవిడకి అప్పుడిచ్చింది 30 పౌండ్లు. 2004లో కేసు వేసి, 2005లో రాజీ అయ్యాక పాట రాసినవాళ్ళలో ఆవిడ పేరు చేర్చారు. ఆ గొంతు ఎక్కడుందో చూడు, ప్లేటు మీద లోపలి వైపు. పన్నెండు అంగుళాల ప్లేటు నిమిషానికి 33 ముప్పాతిక, కాదు, 33 ఒకటి బై మూడు చుట్లు తిరుగుద్ది. బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది. లోపల లేబులు దగ్గరికొచ్చేసరికి 21 సెంటీమీటర్లే. ఒక సెకను పాటని 51లో రాయడం వేరు, 21లో ఇరికించడం వేరు. పై స్వరాల అలలు నలిగిపోతాయి. ముల్లు మొద్దుగా ఉంటే ఆ అలల మధ్యలోకి దూరలేదు, పైన దొర్లుతుంది. అప్పుడు గొంతు చిరుగుతుంది. రెండో వైపు 23 నిమిషాల పైనే ఉంటుంది కాబట్టి అక్కడ చివరి పాట ఎక్లిప్స్ ఇంకా లోపలికి పోతుంది.

మేనకోడలు: అత్తయ్య కర్టెన్ వెనక నుంచే చెప్పింది, గుర్తుందా? ఆవిడ ఎనిమిదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. రాక్ అంటే ఆవిడకి పడదు. కానీ "మూడోసారి పెట్టినదాంట్లో ఆవిడ పైస్థాయికి వెళ్ళినప్పుడల్లా గొంతు బీటలు వారుతోంది, మిగతా రెంటిలో లేదు" అంది.

మావయ్య: తీసి చూస్తే అది నాది. డమ్‌డమ్‌ది.

మేనకోడలు: అప్పుడు నేను అన్నాను, ఇక తేలిపోయింది, డమ్‌డమ్ అచ్చు బాగోలేదు అని. ఇదే మాట చాలాచోట్ల విన్నాను కూడా, ఇండియన్ ప్రెస్సింగ్ అంటే పక్కన పెట్టు అని.

మావయ్య: అక్కడే నేను ఆగమన్నాను. ముందు ప్లేటు ఎలా పుడుతుందో చూడాలి. లాక్కర్ అనే మెత్తటి పూత ఉన్న పళ్ళెం మీద పాటని కోస్తారు. దాని మీద లోహం పూత పెట్టి తీస్తే ఫాదర్. దాన్నుంచి మదర్. మదర్ నుంచి స్టాంపర్లు. స్టాంపరే వినైలుని నొక్కేది, నొక్కి నొక్కి అరిగిపోతుంది, ఇంకోటి పెడతారు. ఇంగ్లండ్‌లో ఈఎమ్ఐ అనే రికార్డు కంపెనీ వాళ్ళు ఆ లెక్క ప్లేటు మీదే రాసేవారు. లేబులుకీ పాటకీ మధ్య ఖాళీ జాగా ఉంటుంది చూడు, అక్కడ తొమ్మిది గంటల వైపు మదర్ నంబరు, మూడు గంటల వైపు అక్షరాలు. ఆ అక్షరాలు గ్రామోఫోన్ లిమిటెడ్ అన్న మాటలోంచి తీసిన పది. జీ అంటే 1, ఆర్ అంటే 2, అలా ఏ, ఎమ్, ఓ, పీ, హెచ్, ఎల్, టీ, చివర డీ అంటే సున్నా. పెద్దాయన ప్లేటు మీద ఆర్, ఓ ఉన్నాయి. అంటే 25వ స్టాంపరు. మొదటి అచ్చుల్లో లేబులు మీద నిండు నీలం త్రికోణం ఉంటుంది, ఆయనది అది కాదు, గీతల త్రికోణం. అయినా ఎంత బాగా పలికిందో విన్నావు. కలెక్టర్లు త్రికోణానికి వేలు పోస్తారు. నేనైతే పొయ్యను.

మేనకోడలు: కోసినవాడి చెయ్యి గురించి లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండు కథ చెప్పావు.

మావయ్య: 1969లో లెడ్ జెప్లిన్ రెండో ఎల్‌పీని బాబ్ లడ్విగ్ గట్టిగా, బేసు నిండుగా కోశాడు. కంపెనీ వాళ్ళు ఓ చవక ప్లేయరు మీద పెడితే ముల్లు ఎగిరిందట. అంతే, దాన్ని ఆపి బేసు తగ్గించి మళ్ళీ కోయించారు. లడ్విగ్ స్వయంగా చెప్పుకున్న సంగతి ఇది. అదే టేపు, అదే బ్యాండు, అదే దేశం. కోత మారింది, ప్లేటు మారింది. అలాగే ముల్లు మారినా మారుతుందేమో చూద్దామన్నాను.

మేనకోడలు: మన క్యార్ట్రిడ్జి, అంటే ముల్లు తగిలించే చిన్న పెట్టె, ఆడియో టెక్నికా వీఎమ్95. దానికి మామూలు ఎలిప్టికల్, అంటే కోలమొన ముల్లు ఉంది. అదే ఒంటికి మైక్రోలైన్ ముల్లు కూడా దూరుతుంది, లాగి తీసి ఇంకోటి తోయడమే. నేను అది కొని తెచ్చాను. ముల్లు ప్లేటు మీద మోపే బరువు 2 గ్రాములే ఉంచాం. మళ్ళీ అదే పాట, అదే డమ్‌డమ్ ప్లేటు. మావయ్యా, నువ్వే చెప్పు.

మావయ్య: చిరుగు పోయింది. పూర్తిగా కాదు, ఒకటి రెండు చోట్ల ఇంకా అంచు ఉంది. కానీ ఆవిడ గొంతు మళ్ళీ ఒక్కటిగా నిలబడింది. నేను ఆ ప్లేటుని పాతికేళ్ళు పాత పెట్టె ప్లేయరు మీద బరువైన గుండ్రటి ముల్లుతో ఆడించాను. ఆ ముల్లు గాడి గోడని ఒక ఎత్తులో అరగదీసింది. ఎలిప్టికల్ కూడా దాదాపు అక్కడే ఆనుతుంది. మైక్రోలైన్ అంచు సన్నం, గోడకి నిలువునా పొడుగ్గా ఆనుతుంది, అరగని చోటుని కూడా తాకుతుంది. ఇన్నాళ్ళూ డమ్‌డమ్ వాళ్ళు చేసిన తప్పనుకున్నది నా ముల్లు చేసిన పని.

మేనకోడలు: అత్తయ్యకి మళ్ళీ చెప్పకుండా పెట్టాం. "ఇది కొత్తగా తెచ్చారా?" అని అడిగింది. గరగర మాత్రం అలాగే ఉంది కదా.

మావయ్య: ఉంది. అది పోదు. టైమ్ పాట మొదట్లో బూజు తిన్న చోట మూడు పెద్ద టపటపలు కూడా ఉన్నాయి. ఎన్నిసార్లు కడిగినా ఉంటాయి.

మేనకోడలు: మరి ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళకి ఏం చెప్తావు?

మావయ్య: నిశ్శబ్దం కావాలంటే 2016ది తీసుకోండి. 180 గ్రాములు అని మాత్రం కొనకండి, బరువుకీ కోతకీ సంబంధం లేదు. మందపాటి ప్లేటు త్వరగా వంగదు, అంతవరకే. పాతది కొంటే దేశం పేరు తర్వాత చూడండి. దీపం కింద పక్కకి వంచి పట్టుకుంటే, లోపలి పాటల దగ్గర గాడి బూడిదరంగుగా కనిపించిందా, అది అరిగింది. నల్లగా మెరిసిందా, తీసుకోవచ్చు. అమ్మేవాడి దగ్గర ప్లేయరు ఉంటే మొదటి పాట కాదు, వైపు చివరి పాట పెట్టమనండి. క్లేర్ టోరీ పైస్థాయికి వెళ్ళేదాకా ఆగి వినండి.

మేనకోడలు: పెద్దాయన ప్లేటు శనివారం ఇచ్చేయాలి. ఈలోపు రెండో వైపు మైక్రోలైన్ ముల్లుతో మూడూ వినాలి, ఎక్లిప్స్ దాకా. అత్తయ్యా, ఇంకోసారి కర్టెన్ వెనక్కి వస్తావా?