పథ్యంలో ఉన్నవారికి పొటాషియం తగ్గితే
(బరంపురంలో తెలుగువారి ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తల్లులకు, సోదరులకు నమస్కారం.

ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా, అటు పర్లాకిమిడి వరకు, మన తెలుగు ఇళ్లలో పొటాషియం అనే మాట వింటేనే భయపడతారు. ఆ భయానికి కారణం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో మన బంధువులు కిడ్నీ జబ్బుతో పడిన బాధను మనం కళ్లారా చూశాం. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో పొటాషియం పెరిగి గుండెకు ప్రమాదం తెస్తుంది కనుక కొబ్బరినీళ్లు, అరటిపండు మానమని వైద్యులు చెబుతారు, వారికి ఆ మాట సరైనదే. ఆ ఒక్కరికి చెప్పిన పథ్యం ఇల్లంతటికీ పథ్యమై, పొటాషియం తగ్గినవారు కూడా దానినే పాటిస్తున్న పరిస్థితిని గురించి ఈ రోజు మాట్లాడతాను.

నా దగ్గరకు వచ్చిన ఒక నేతకార్మికురాలి సంగతి చెబుతాను. భర్తకు కిడ్నీ జబ్బు. కూరగాయల్లోని పొటాషియం నీటితో పోయేలా, వాటిని చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీటిని పారబోసి వండమని ఆయనకు చెప్పారు. రెండు వంటలు చేసే ఓపిక లేక ఆమె కూడా అదే కూర తిన్నది, పప్పు మానేసింది, చారుతో సరిపెట్టుకున్నది. ఆమెకు రక్తపోటు ఉంది, రోజూ వేసుకునే మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసి ఉంది. కొన్నాళ్లకు మగ్గం గుంటలో కాళ్లు దించి పలకలు తొక్కబోతే తొడలు సహకరించడం మానేశాయి, రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి, మలబద్ధకం మొదలైంది. రక్తపరీక్షలో పొటాషియం 2.9 వచ్చింది. ఇది లీటరు రక్తద్రవానికి 3.5 నుంచి 5 మిల్లీఈక్వివలెంట్ల (రక్తంలోని లవణాలను కొలిచే కొలత) మధ్య ఉండాలి. 2.5 కంటే తగ్గితే కండరాలు చచ్చుబడవచ్చు, గుండె లయ తప్పవచ్చు.

తిండి తగ్గినంత మాత్రాన పొటాషియం ఇంతగా పడిపోవడం అరుదు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ దానిని చాలా పొదుపుగా దాచుకుంటుంది. పథ్యానికి తోడు వాంతులో, విరేచనాలో, మూత్రం పోయించే మాత్రో ఉన్నప్పుడు ఆ పొదుపు చాలదు. గొంతు గరగరకు చాలాకాలం అతిమధురం నమిలినా పొటాషియం మూత్రంలో పోతుందని చాలామందికి తెలియదు. అందుచేత నేను ముందు మాత్రల సంచి చూపించమంటాను, ఏం తింటున్నారన్నది ఆ తరువాత అడుగుతాను. మెగ్నీషియం కూడా చూడాలి, ఎందుకంటే అది తక్కువగా ఉన్నంతకాలం పొటాషియం ఎంత ఇచ్చినా కిడ్నీ దానిని నిలుపుకోలేదు.

రోజుల తరబడి సరిగా తినని మనిషికి, అది ఉపవాసం వల్ల కావచ్చు, మద్యం వల్ల కావచ్చు, జబ్బు వల్ల కావచ్చు, ఒక్కసారిగా అన్నమో గ్లూకోజో దండిగా పెడితే ఇన్సులిన్ పెరిగి రక్తంలోని పొటాషియం, ఫాస్ఫేటు కణాలలోకి వెళ్లిపోతాయి. అటువంటివారికి కొద్దికొద్దిగా, వైద్యుని పర్యవేక్షణలో తిండి మొదలుపెట్టాలి.

ఇక ఆహారం సంగతి. శరీరంలోని పొటాషియంలో సుమారు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తపరీక్షలో ఒక అంకె తగ్గిందంటే, అంటే 4 ఉన్నది 3కి దిగితే, శరీరం మొత్తం మీద 200 నుంచి 400 మిల్లీఈక్వివలెంట్ల లోటు ఉన్నట్టు లెక్క. మధ్యరకం అరటిపండులో ఉండేది సుమారు 10 మిల్లీఈక్వివలెంట్లు మాత్రమే. కనుక రోజుకొక అరటిపండు తిని ఈ లోటు తీరుతుందని ఎదురుచూడకూడదు, చాలామందికి పొటాషియం క్లోరైడ్ మందు తప్పదు. సిరప్ అయితే గ్లాసు నీళ్లలో కలిపి, భోజనం తరువాత, మెల్లగా తాగాలి. నేరుగా తాగితే కడుపులో మంట పుడుతుంది.

ఆహారం చేసే మేలు లోటు మళ్లీ రాకుండా చూడడంలో ఉంది. పెద్దలకు రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాముల పొటాషియం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. గంజి వార్చిన తెల్లన్నంలో అది దాదాపు లేనట్టే. మధుమేహం ఉండి అరటిపండుకు జంకేవారు తోటకూర పప్పు, ఉలవచారు, పెరుగు తీసుకోవచ్చు, చోడి (రాగి) అంబలి మితంగా తాగవచ్చు. కిడ్నీ పథ్యం లేనివారు ఉడికించిన నీటిని పారబోయవద్దు, అందులోనే చారు కాచుకోండి. ఉప్పు తగ్గించవలసినవారికి ఒక విషయం ప్రత్యేకంగా చెబుతాను. మూత్రం పోయించే మాత్ర వాడుతూ ఉప్పు ఎక్కువగా తింటే పొటాషియం మరింత పోతుంది. బరంపురం అప్పడాలు, పచ్చళ్లు మనకెంత ఇష్టమైనా, ఎండుచేప ఎంత రుచైనా, వాటిని తగ్గిస్తే రక్తపోటుకూ పొటాషియానికీ కూడా మేలు జరుగుతుంది.

కిడ్నీ జబ్బు ఉన్నవారికే పొటాషియం తగ్గితే ఏం చేయాలి? పొట్ట ద్వారా చేసే డయాలసిస్‌లో ఇది తరచుగా కనిపిస్తుంది. వారు పాత పథ్యం కాగితం చూసి నిషేధాలు కొనసాగించకూడదు, అలాగని సొంతంగా సడలించనూ కూడదు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష), పొటాషియం రెండూ చూపించి, ఎంత సడలించవచ్చో అడిగి రాయించుకోవాలి. రక్తపోటుకు, గుండెకు వాడే టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ వంటి మాత్రలు పొటాషియాన్ని పెంచుతాయి. వాటిని వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు దుకాణంలో దొరికే తక్కువ సోడియం ఉప్పును వైద్యుని అడగకుండా కొనవద్దు. అందులో సోడియానికి బదులు కలిపేది పొటాషియమే.

పొటాషియం పెరిగినా తగ్గినా నీరసం, గుండెదడ ఒకే తీరుగా రావచ్చు. లక్షణాలను బట్టి ఇంట్లో తేల్చుకోలేము. కాళ్లు చచ్చుబడినా, గుండె తడబడినా, స్పృహ తప్పినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మందు మొదలుపెట్టినవారు వైద్యుడు చెప్పిన తేదీకి మళ్లీ రక్తపరీక్ష చేయించుకోండి. 2.9 ఉన్న రోజున రాసిన సిరప్‌ను 4.5కి చేరిన తరువాత కూడా తాగుతూ ఉంటే, మొదట చెప్పుకున్న, పొటాషియం పెరిగే ప్రమాదంలో పడతాము. ఇక్కడికి రిపోర్టులు తెచ్చుకున్నవారు వాటితో పాటు మాత్రల సంచి కూడా పట్టుకొని ముందు వరుసకు రండి, ఒక్కొక్కరివి చూద్దాం.