రానివారి లెక్క, జబ్బుపడ్డవారి లెక్క: ఫుట్‌బాల్ వాయిదాల మీద మా నల్గొండ వాదన

నమస్కారం. వైరస్ ప్రబలినప్పుడు ఫుట్‌బాల్ మ్యాచ్‌లను వాయిదా వేయడం న్యాయమా కాదా అన్న వాదన మా నల్గొండ మిత్రుల మధ్య ఇన్నేళ్లయినా చల్లారలేదు. మొన్న ఆదివారం క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతుండగా కరోనా రోజుల్లో వాయిదా పడిన, 2022 జనవరి నాటి ఆర్సెనల్, టోటెన్‌హామ్ అనే లండన్ జట్ల మ్యాచ్ సంగతి మళ్లీ వచ్చింది. చాయ్ చల్లారిపోయింది కానీ మాట తెగలేదు. నాకు ఈ విషయంలో ఒక గట్టి అభిప్రాయం ఉంది, దానిని ఈ వీడియోలో మీ ముందు పూర్తిగా పెడతాను.

ఆ సంవత్సరం జనవరి 15న సంక్రాంతి. ఒమిక్రాన్ కారణంగా మన రాష్ట్రంలో బడుల సెలవులను నెలాఖరు దాకా పొడిగించిన రోజులవి. మరునాడు కనుమ, ఆదివారం రాత్రి పది గంటలకు ఉత్తర లండన్ డెర్బీ, అంటే ఒకే ప్రాంతానికి చెందిన ఈ రెండు జట్ల పోరు. మిర్యాలగూడ నుంచి టోటెన్‌హామ్ అభిమాని అయిన మా తమ్ముడొకడు సకినాల డబ్బా పట్టుకొని బైకు మీద వస్తానన్నాడు. పండుగ నాడే వార్త వచ్చింది: తగినంత మంది ఆటగాళ్లు లేరని ఆర్సెనల్ కోరగా ఇంగ్లండ్ పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ ఈ మ్యాచ్‌ను వాయిదా వేసింది. వెంటనే వాడు ఫోన్ చేశాడు. "అన్నా, వాళ్లల్ల కరోనా వచ్చింది ఒక్కనికే కదనే, మ్యాచ్ ఎట్ల ఆపుతరు?" అన్నాడు. నా పక్కనే కూర్చున్న ఆర్సెనల్ మిత్రుడు ఫోన్ అందుకొని, "ఆగస్టుల మా ఇద్దరు స్ట్రైకర్లు మంచం పడితే ఎవ్వడన్న ఆపిండా?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది కాబట్టే ఈ వాదన ఇంతకాలం బతికింది. బయటికి తెలిసినంతలో ఆ వారం ఆర్సెనల్ జట్టులో పాజిటివ్ వచ్చినవాడు మార్టిన్ ఒడెగార్డ్ ఒక్కడే. థామస్ పార్టీ, మొహమ్మద్ ఎల్నెనీ, నికొలా పెపే తమ దేశాల తరఫున ఆఫ్రికా కప్ ఆడటానికి వెళ్లారు. గ్రానిట్ జాకా మూడు రోజుల ముందే లివర్‌పూల్ మీద ఎర్ర కార్డు తిని సస్పెన్షన్‌లో ఉన్నాడు. మరికొందరికి గాయాలు. పైగా ఆ నెలలోనే మైట్‌లాండ్ నైల్స్‌ను రోమాకూ, బలోగన్‌ను మిడిల్స్‌బ్రోకూ అరువుకు పంపిన జట్టు అది. ఈ వాయిదా తమను ఎంతో ఆశ్చర్యపరిచిందని టోటెన్‌హామ్ బహిరంగంగానే ప్రకటన చేసింది. మరోవైపు, 2021 ఆగస్టు 13న సీజన్ మొదటి మ్యాచ్‌లో లకజెట్, ఒబమెయాంగ్ ఇద్దరూ కరోనా వల్ల దూరమైతే, ఆర్సెనల్ బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 2-0తో ఓడింది. అప్పుడు వాయిదా లేదు. అంతెందుకు, డిసెంబర్‌లో టోటెన్‌హామ్ మ్యాచ్‌లు కూడా కరోనా వల్లనే వాయిదా పడ్డాయి.

ఇందులో ఆర్సెనల్ నిబంధనను మీరలేదు. అప్పటి నిబంధన ప్రకారం పదముగ్గురు ఆటగాళ్లు, ఒక గోల్‌కీపర్ అందుబాటులో ఉంటే మ్యాచ్ ఆడి తీరాలి. అంతకంటే తగ్గితే వాయిదా అడగవచ్చు. ఎందుకు తగ్గారన్న ప్రశ్నకు మాత్రం ఆ నిబంధనలో కరోనాతోపాటు గాయానికీ చోటు ఉంది. లోపం సరిగ్గా అక్కడే ఉందని నా వాదన. అంటువ్యాధి కోసం పెట్టిన నిబంధన అంటువ్యాధినే లెక్కించాలి. రానివారిని లెక్కిస్తే ప్రతి జట్టూ తన బలహీనమైన వారాన్ని వైరస్ ఖాతాలో రాసుకునే వీలు కలుగుతుంది. ఎవరూ అబద్ధం ఆడకపోయినా ఆ అనుమానం మాత్రం పోదు, అభిమాని మనసును కొరికేది ఆ అనుమానమే. లీగ్ కూడా ఈ సంగతి గ్రహించింది. జనవరి చివరలో క్లబ్బులన్నీ కూర్చొని, జట్టులో కనీసం నలుగురికి పాజిటివ్ వస్తేనే కరోనా పేరిట వాయిదా అడగాలని మార్చాయి, ఫిబ్రవరి 5 నుంచి అది అమలైంది. నిబంధన మంచిదే. ఆగస్టులో పెట్టి ఉంటే ఇంకా మంచిదని, సీజన్ సగం దాటాక మార్చడం వల్ల ముందు సగం ఆడినవారికి ఒక న్యాయం, వెనుక సగం ఆడినవారికి మరో న్యాయం అయిందని నేను అనుకుంటున్నాను.

ఆ డెర్బీ చివరకు మే 12న జరిగింది. జనవరిలో గాయంతో ఆడలేని స్థితిలో ఉన్న టోటెన్‌హామ్ ఆటగాడు సన్ హ్యూంగ్ మిన్ మేలో గోల్ కొట్టాడు, అదే జట్టు కేన్ రెండు కొట్టాడు, ఆర్సెనల్ డిఫెండర్ హోల్డింగ్ మొదటి సగంలోనే ఎర్ర కార్డుతో బయటికి వెళ్లాడు, టోటెన్‌హామ్ 3-0తో గెలిచింది. సీజన్ ముగిసేసరికి టోటెన్‌హామ్ 71 పాయింట్లతో నాలుగో స్థానంలోనూ, ఆర్సెనల్ 69తో ఐదో స్థానంలోనూ నిలిచాయి. మొదటి నలుగురికే దక్కే చాంపియన్స్ లీగ్ (యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ) అవకాశం ఆ రెండు పాయింట్ల తేడాతో చేతులు మారింది. వాయిదా అడిగినవారికి దేవుడు బుద్ధి చెప్పాడని మిర్యాలగూడ తమ్ముడు ఇప్పటికీ అంటాడు. ఆ మాటను నేను ఒప్పుకోను. ఫలితం ఇటు తిరిగింది కాబట్టి వాయిదా తప్పు, అటు తిరిగి ఉంటే ఒప్పు అనడం తీర్పు చెప్పే పద్ధతి కాదు.

ఈ మాట మన హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానులకు మరింత బాగా తెలియాలి. ఆ డెర్బీ జరగవలసిన మరునాడే, 2022 జనవరి 17న, గోవాలో హైదరాబాద్, జంషెడ్‌పూర్ జట్ల ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మ్యాచ్ కరోనా వల్లనే వాయిదా పడింది. ఆ సీజన్ అంతా జట్లను గోవాలో బయో బబుల్‌లో, అంటే బయటివారితో కలవనీయకుండా ఉంచి ఆడించారు, అయినా వైరస్ లోపలికి వచ్చింది. మార్చి 1న ఆ మ్యాచ్ ఆడితే జంషెడ్‌పూర్ 3-0తో గెలిచి, 43 పాయింట్లతో పట్టికలో మొదటి జట్టుకు ఇచ్చే లీగ్ షీల్డ్ ఎత్తుకుపోయింది. మనవాళ్లు 38 పాయింట్లతో రెండో స్థానంలో ఆగిపోయారు. జనవరిలో ఆడి ఉంటే మనమే గెలిచేవాళ్లమని మాలో కొందరు చాలా రోజులు బాధపడ్డారు, నేనూ బాధపడ్డాను. కానీ మార్చి 20న అదే గోవాలో, ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1తో సమమయ్యాక, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు షాట్లు ఆపి మనకు కప్పు తెచ్చిపెట్టిన రాత్రి ఆ వాయిదా గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అంటే మన కోపం నిబంధన మీద కాదు, పాయింట్ల పట్టిక మీద. ఈ నిజం ఒప్పుకోకుండా వాదిస్తే అది ఎన్నటికీ తేలదు.

ఇక వాయిదాలన్నీ సాకులే అనేవారికి ఇటలీలోని బెర్గామో నగరం సంగతి గుర్తుచేయాలి. 2020 ఫిబ్రవరి 19న ఆ ఊరి జట్టు అటలాంటా తన చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌ను మిలాన్‌లోని సాన్ సీరో స్టేడియంలో స్పెయిన్ జట్టు వాలెన్సియాతో ఆడింది. బెర్గామో నుంచి మిలాన్‌కు దూరం దాదాపు మనకు సూర్యాపేట ఉన్నంత. నలభై వేల మందికి పైగా జనం చేరారు, అటలాంటా 4-1తో గెలిచింది, నాలుగు గోల్స్‌కూ నాలుగు సార్లు అందరూ ఒకరినొకరు వాటేసుకున్నారు. రెండు రోజులు తిరగకముందే, స్థానికంగా సోకిన తొలి కేసుగా ఇటలీ గుర్తించిన రోగి అదే లొంబార్డీలోని కొదోన్యో పట్టణంలో బయటపడ్డాడు. మార్చి 18న బెర్గామో నుంచి శవపేటికలను సైనిక ట్రక్కుల్లో తరలించవలసి వచ్చింది. అన్నిటికీ ఆ ఒక్క మ్యాచే కారణమని నేను అనడం లేదు. ఆ రాత్రి మ్యాచ్ ఆపాలని చెప్పగల సమాచారం కూడా ఎవరి చేతిలోనూ లేదు. కానీ మార్చి 11 నాటికి ఆ సమాచారం ఉంది. స్పెయిన్ లీగ్ ఖాళీ స్టేడియాల్లో ఆడాలని నిర్ణయించిన తర్వాత కూడా, సుమారు మూడు వేల మంది అట్లెటికో అభిమానులు తమ జట్టు మ్యాచ్ చూడటానికి మాడ్రిడ్ నుంచి లివర్‌పూల్ వెళ్లి ఆ ఊరి ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో కూర్చున్నారు. దానిని మాత్రం తప్పు అనక తప్పదు. ఆ మరునాడు ఆర్సెనల్ కోచ్ ఆర్టెటాకు పాజిటివ్ వచ్చాకగాని, 13వ తేదీన ప్రీమియర్ లీగ్ ఆగలేదు.

ఇంత పెద్ద లీగుల సంగతి నీకెందుకని మీరు అడగవచ్చు. అదే కనుమ నాడు నా ఎదుట కూడా ఇదే ప్రశ్న నిలబడింది కాబట్టి నాకు ఇందులో పాలు ఉంది. మా ఊరి బడి వెనుక మైదానంలో సంక్రాంతికి ఏడుగురి జట్లతో చిన్న టోర్నీ పెట్టాం, నోటుబుక్ నా చేతిలో ఉంది. దేవరకొండ వైపు నుంచి వచ్చే ఒక జట్టులో పది మంది పేర్లు రాయించారు. 13న వాళ్లు ఎనిమిది మంది ఒకే ఆటోలో వచ్చి మొదటి మ్యాచ్ గెలిచి వెళ్లారు, మిగిలిన ఇద్దరు పండుగకు అత్తగారింటికి పోయారు. 16న సెమీఫైనల్. పొద్దున్నే వాళ్ల కెప్టెన్ నా ఫోనుకు ఒక ఫొటో పంపాడు. కిటికీ గూట్లో పెట్టిన టెస్ట్ కిట్, దాని మీద రెండు ఎర్ర గీతలు, పక్కన గోల్‌కీపర్ చేతి గ్లవ్స్. ఇంకో ఇద్దరికి కూడా జ్వరం. ఎనిమిదిలో ముగ్గురు పోతే ఐదుగురే మిగిలారు.

ఎదుటి జట్టు వాకోవర్ అడిగింది. "అల్లుళ్లను పిలిపిచ్చుకుంటే ఏడుగురు అయితరు కద, వాళ్లు పండుగకు పోతే మాదా తప్పు?" అని వాళ్ల కెప్టెన్ అన్నాడు. లెక్క ప్రకారం అతని మాట నిజమే, ఆర్సెనల్ మీద మిర్యాలగూడ తమ్ముడు వేసిన ప్రశ్న కూడా ఇదే. నేను చాలాసేపు ఆ నోటుబుక్‌నే చూస్తూ కూర్చున్నాను. చివరకు వాయిదా వేశాను. అల్లుళ్లు రాలేదని కాదు, మిగిలిన ఐదుగురూ మూడు రోజుల కింద అదే ఆటోలో, ఆ ముగ్గురి ఒళ్లో ఒళ్లు పెట్టి అరవై కిలోమీటర్లు ప్రయాణం చేశారని. ఆ ఐదుగురిని మైదానంలోకి దించితే మ్యాచ్ జరిగేది, ఎదుటి జట్టు ఇళ్లకు కూడా వైరస్ వెళ్లేది. జట్టు బలం ఎంత ఉందని కాక, జబ్బు ఎంత దూరం పాకిందని అడగాలని నాకు ఆ రోజే అర్థమైంది.

మూడు వారాల తర్వాత, ఫిబ్రవరి 6న, ఆ సెమీఫైనల్ ఆడించాం. దేవరకొండ జట్టు పది మందితో వచ్చింది, అల్లుళ్లు ఇద్దరూ ఉన్నారు, 2-1తో వాళ్లే గెలిచారు, గెలిపించిన గోల్ కొట్టింది ఆ అల్లుళ్లలో ఒకడు. ఓడిన కెప్టెన్ నాతో గొడవ పెట్టుకోలేదు. నీళ్ల సీసా పక్కన పెట్టి, "అన్నా, ఆ దినం లేనోడు ఇయ్యాల మమ్మల్ని ఓడగొట్టిండు" అని మాత్రం అన్నాడు. అతని బాధ న్యాయమైనది, నా దగ్గర జవాబు లేదు. జబ్బుపడినవారి కోసం వాయిదా వేశాను, లాభం మాత్రం జబ్బుపడనివాడికి దక్కింది. పెద్ద లీగుల్లో నాలుగు నెలలు గడిస్తే గాయాలు మారతాయి, కొత్త ఆటగాళ్లు వస్తారు, కాబట్టి ఆనాటి జట్టుతోనే ఆడమనడం సాధ్యం కాదు. అక్కడ చేయగలిగింది వాయిదా పడిన మ్యాచ్‌ను వీలైనంత త్వరగా ఆడించడమే, జనవరి మ్యాచ్‌ను మే దాకా లాగకపోవడమే. మా వంటి చిన్న టోర్నీలో మాత్రం సాధ్యమే.

అందుకే మరుసటి సంక్రాంతికి నోటుబుక్ మొదటి పేజీలోనే, జట్ల పేర్ల కంటే ముందే, నియమం రాశాం. ముగ్గురికి జబ్బు చేసినా, జబ్బుపడినవారితో కలిసి తిరిగినవారు ఆగిపోవడం వల్ల జట్టు ఏడుగురికంటే తగ్గినా వాయిదా. వాయిదా పడిన ఆటలో ఆ రోజు సిద్ధంగా ఉన్నవారు, జబ్బుపడినవారు, వారితో తిరిగి ఆగిపోయినవారు మాత్రమే ఆడాలి. దూరం నుంచి వచ్చే జట్టుకు రెండోసారి అయ్యే ఆటో కిరాయిని రెండు జట్లూ చెరి సగం భరించాలి. కిరాయి మాట చేర్చమన్నది అప్పుడు ఓడిన కెప్టెనే. ఆరు జట్ల కెప్టెన్లలో ఆ పేజీ కింద మొదటి సంతకం కూడా అతనిదే.