దెయ్యం సాక్ష్యం చెల్లదు

అందరికీ నమస్కారం.

ముందే చెప్పేస్తాను, నాకు దెయ్యాలంటే భయం. రాత్రి హాల్లో లైటు ఆర్పి గదిలోకి వచ్చే ఆ నాలుగడుగులూ ఇప్పటికీ పరుగులాంటి నడకే. అలాంటిదాన్ని, ఏడాదిగా మంచం పక్కన పెట్టుకుని చదువుతున్నవన్నీ దెయ్యాల పుస్తకాలే. పైగా చదువుతూ నవ్వుతున్నాను. ఒకరోజు అర్ధరాత్రి పైకే నవ్వేస్తే పక్కగదిలోంచి మా అక్క "ఏం చదువుతున్నావే?" అని అడిగింది. "హత్య" అన్నాను. కాసేపు అటునుంచి చప్పుడు లేదు.

వీటిని పారానార్మల్ కోజీ మిస్టరీలంటారు. చావు కబురు చల్లగా చెప్పడమంటామే, కోజీ అంటే సరిగ్గా అదే. హత్య జరుగుతుంది గానీ రక్తం మన కంటపడదు. అందరికి అందరూ తెలిసిన చిన్న ఊరు. పరిశోధించేది పోలీసు కాదు, ఏ లైబ్రేరియనో, పుస్తకాల కొట్టు నడిపే ఆవిడో. దానికి ఇంకొక్కటి కలపండి: ఆవిడకి చచ్చిపోయినవాళ్ళు కనిపిస్తారు, మాట్లాడతారు, చాలాసార్లు ఆపకుండా మాట్లాడతారు. ఇలాంటి కథలు సాధారణంగా ఒక్క పుస్తకంతో ఆగవు. సీరీస్‌గా పది, పదిహేను దాకా సాగుతాయి.

వినగానే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటుంది. హతుడే వచ్చి ఎదురుగా కూర్చుంటే ఇంక పరిశోధన ఏముంది? "నిన్ను చంపిందెవరు?" అని అడిగితే సరిపోయె. మొదటి అధ్యాయంలోనే కథ కంచికి, మనం ఇంటికి.

ఈ అనుమానం పాతదే. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే రచయిత డిటెక్టివ్ కథలకి పది ఆజ్ఞలు రాశాడు. వాటిలో రెండోది, అతీంద్రియ శక్తులకి చోటు లేదు అని. ఈ మాటన్న నాక్స్ క్యాథలిక్ ఫాదర్! అంతకు ఐదేళ్ళ ముందు, 1924లో, కానన్ డాయిల్ రాసిన ఒక కథలో షెర్లాక్ హోమ్స్ తన దగ్గరికి దెయ్యాలు రానక్కర్లేదని తేల్చేశాడు. అప్పటికి డాయిల్ ఆత్మలతో మాట్లాడొచ్చని గట్టిగా నమ్మి, దేశాలు తిరిగి ప్రచారం చేస్తున్నాడు. దేవుణ్ణి నమ్మిన ఆయనా, ఆత్మల్ని నమ్మిన ఈయనా పరిశోధన గది గుమ్మం దగ్గర దెయ్యాన్ని ఆపేశారు. ఎందుకంటే పాఠకుడితో ఆట న్యాయంగా ఆడాలి. ఆధారాలన్నీ మన ముందు పరిచి, చివర దెయ్యమొచ్చి పేరు చెప్పిపోతే అది మోసం.

మరి ఈ సీరీస్‌లు రాసేవాళ్ళు ఏం చేస్తున్నారు? దెయ్యాన్ని లోపలికి రానిచ్చి, దాని నోటికి తాళం వేస్తున్నారు. వెనకనుంచి కొట్టారు, చూడలేదు. విషం పెట్టారు, ఎవరు పెట్టారో తెలీదు. ఆఖరి గంట గుర్తులేదు. ఈ మూడూ తెలిసిన ఎత్తులే, ఆ మరపు అయితే మరీ అరిగిపోయింది. నాకు నచ్చేది నాలుగోది. దెయ్యానికి అన్నీ గుర్తుంటాయి, గట్టిగా ఒక పేరూ చెబుతుంది, కానీ తప్పు చెబుతుంది. ఇరవై ఏళ్ళుగా ద్వేషించిన తోటికోడలి పేరు చెబుతుంది. చచ్చాక మనిషికి జ్ఞానోదయం అవుతుందని ఎవరన్నారు? బతికుండగా ఉన్న మొండితనం, పరువు భయం, అసూయ అన్నీ వెంట వస్తాయి. దెయ్యాలు వేదాలు వల్లించడం అంటే మనకి ముందునుంచీ అనుమానమే కదా.

జపాన్ రచయిత అకుతగావా 1922లోనే ఈ పని చేశాడు. చనిపోయిన సమురాయ్ యోధుడు పూనకంలో వచ్చి సాక్ష్యం చెబుతాడు. మిగతావాళ్ళ మాటలతో అదీ పొసగదు. అది నవ్వు కథ కాదు గానీ, సూత్రం ఇదే. దెయ్యం సాక్షి మాత్రమే, తీర్పు కాదు. సాక్షి అబద్ధం చెప్పొచ్చు, పొరబడొచ్చు, దాచొచ్చు.

నన్నడిగితే ఈ జాతి పరిశోధకులకి ముత్తాత షేక్‌స్పియర్ నాటకంలోని రాజకుమారుడు హామ్లెట్. చనిపోయిన తండ్రి కనిపించి, తనని చంపింది ఇప్పుడు గద్దె మీదున్న రాజేనని చెప్పేస్తాడు. హామ్లెట్ వెంటనే కత్తి దూయడు. వచ్చింది తండ్రేనా, ఆ రూపంలో వచ్చిన పిశాచమా అని అనుమానపడి, రాజు ముందు అలాంటి హత్యే ఉన్న నాటకం వేయించి, రాజు మొహం గమనిస్తాడు. దెయ్యం చెప్పినదాన్ని దెయ్యంతో సంబంధం లేకుండా రుజువు చేసుకోవడం అన్నమాట. ఇంకో తమాషా చూడండి. మొదట్లో ఆ దెయ్యం కాపలావాళ్ళకీ కనిపిస్తుంది. తర్వాత తల్లి గదిలో మాత్రం హామ్లెట్‌కే కనిపిస్తుంది, తల్లికి కనిపించదు. కొడుకు గాలితో మాట్లాడుతున్నాడని ఆమె బెదిరిపోతుంది. అక్కడది విషాదం. అదే సన్నివేశాన్ని ఒక మెట్టు దించితే ఇవాళ్టి కామెడీ అవుతుంది.

నిజంగా కోర్టు దాకా వెళ్ళిన దెయ్యం కూడా ఒకటుంది. 1897 జనవరిలో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, గ్రీన్‌బ్రయర్ కౌంటీలో, జోనా హీస్టర్ షూ అనే యువతి తన ఇంట్లో చనిపోయి కనిపించింది. డాక్టరు వచ్చేసరికే భర్త శవానికి బట్టలు మార్చేశాడు. మెడ చుట్టూ ఎత్తుగా కాలరు బిగించి, తల దగ్గరనుంచి కదలకుండా కూర్చున్నాడు. డాక్టరు పైపైన చూసి వెళ్ళిపోయాడు. తర్వాత తల్లి మేరీ జేన్, తన కూతురు వరసగా నాలుగు రాత్రులు వచ్చి మొగుడే మెడ విరిచాడని చెప్పిందంటూ ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన నవ్వి పంపెయ్యలేదు, దెయ్యం మాట పట్టుకుని కేసూ కట్టలేదు. డాక్టర్ని పిలిచి అడిగాడు. పరీక్ష సరిగ్గా జరగలేదని తేలింది. పాతిపెట్టిన శవాన్ని బయటికి తీయించి చూస్తే, మెడ నిజంగానే విరిగి ఉంది.

విచారణలో ప్రాసిక్యూషన్ దెయ్యం ఊసే ఎత్తలేదు. ఎత్తింది డిఫెన్స్ లాయరు, ఆ తల్లిని వెర్రిదాన్ని చేద్దామని. ఎన్ని విధాల అడిగినా ఆమె మాట తడబడలేదు. భర్తకి యావజ్జీవ శిక్ష పడింది. దెయ్యం వచ్చిందా, ఆ తల్లికే అల్లుడి మీద అనుమానం ఉండి కలగా వచ్చిందా, నేను చెప్పలేను. కానీ మంచి పారానార్మల్ మిస్టరీ నడవాల్సిన దారి సరిగ్గా ఇదే. దెయ్యం ఎక్కడ తవ్వాలో చెబుతుంది. తవ్వాక దొరికే ఎముక మాత్రం అందరికీ కనిపించేదై ఉండాలి.

తవ్వడం అంటే గుర్తొచ్చింది. దాదాపు 1900 ఏళ్ళ కింద రోమన్ రచయిత చిన్న ప్లినీ ఒక ఉత్తరంలో ఒక దెయ్యం కథ రాశాడు. ఏథెన్సులో ఒక ఇల్లు. రాత్రయితే సంకెళ్ళ చప్పుడు. ఎవరూ ఉండలేకపోతున్నారు. అథెనోడోరస్ అనే తత్త్వవేత్త, అద్దె మరీ తక్కువగా ఉందేమిటని ఆరా తీసి, సంగతి తెలిశాక ఇంకా సరదాపడి ఆ ఇల్లే తీసుకున్నాడు. రాత్రి కూర్చుని రాసుకుంటుంటే ముసలి దెయ్యం వచ్చి వేలితో రమ్మని పిలిచింది. ఆయన తలెత్తి చూసి, కాస్త ఆగమని చేత్తో సైగ చేసి, మళ్ళీ రాతలో పడ్డాడు! దెయ్యం ఆయన నెత్తిమీద సంకెళ్ళు గలగలలాడించింది. అప్పుడు దీపం తీసుకుని లేచాడు. పెరట్లో అది మాయమైనచోట ఆకులు పెట్టి గుర్తు చేసుకుని, పొద్దున్నే అధికారులతో చెప్పి తవ్విస్తే సంకెళ్ళలో చిక్కుకున్న ఎముకలు దొరికాయి.

ఆ చేతి సైగ ఉందే, ఈ సీరీస్‌ల హాస్యమంతా అందులోంచి పుట్టిందేనని నాకనిపిస్తుంది. దెయ్యం భయపెట్టడానికి రాలేదు, పని మీద వచ్చింది. మనిషి భయపడలేదు, పనిలో ఉన్నాడు. ఇద్దరికీ తొందరే.

ఇప్పుడు నేనే ఒక సన్నివేశం అల్లి చెబుతాను, ఏ పుస్తకంలోదీ కాదు. ఇన్‌స్పెక్టర్ మన నాయికని ప్రశ్నిస్తున్నాడు. ఆయన వెనకే హతురాలు నిలబడి, పేపర్లో తన చావువార్త చదువుతోంది. "అరవై రెండా? ఎవరిచ్చారు ఈ వయసు? యాభై తొమ్మిదని చెప్పు." నాయిక పళ్ళ బిగువున "తర్వాత" అంటుంది. "తర్వాత అంటే? ఆ రాత్రి పది తర్వాతా?" అని ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తెరుస్తాడు. హత్య జరిగింది పది దాటాకేనని పోలీసులు ఇంకా ఎవరికీ చెప్పలేదు. నవ్వుతూనే మనం చిక్కులో పడ్డాం. ఆమెకి తెలిసినదంతా ఆమె మీద అనుమానం పెంచేదే. తనకెలా తెలిసిందో చెప్పడానికి లేదు, చెబితే ఆస్పత్రికి పంపుతారు. అందుకే తెలిసినదాన్ని మళ్ళీ మామూలు దారిలో, రశీదులూ తాళాలూ పక్కింటివాళ్ళ మాటలూ పట్టుకుని, మొదటినుంచి కనుక్కోవాలి.

మనకి బాగా తెలిసిన బేతాళుడూ ఇలాంటివాడే. విక్రమార్కుడి భుజమ్మీద శవం ఊరుకోదు, కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తుంది. విప్పాల్సింది బతికున్నవాడు. నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది, అంటే తర్వాతి భాగం మొదలవుతుంది. సీరీస్ రాయడం బేతాళుణ్ణి చూసి నేర్చుకోవచ్చు.

ఇంత ఇష్టంగా చదవడానికి నాకు ఇంకో కారణం ఉంది. మామూలు కోజీలో చనిపోయిన మనిషిని ఇరవయ్యో పేజీకల్లా మర్చిపోతాం. ఆ మనిషి ఒక తాళం కప్ప, అంతే. ఇక్కడ హతురాలు పుస్తకమంతా ఉంటుంది. తన కుక్కకి అన్నం ఎవరు పెడుతున్నారని అడుగుతుంది. తన చీర ఎవరో కట్టుకుంటే మండిపడుతుంది. సంతాపసభలో ఎవరు నిజంగా ఏడ్చారో లెక్కపెట్టుకుంటుంది. ఆ లెక్క చిన్నదని తెలిసే పేజీ దగ్గర నవ్వుతున్న నేను ఆగిపోయాను.

నచ్చనివీ ఉన్నాయి. మొదటి పుస్తకంలో వస్తువుల్ని కదపలేని దెయ్యం నాలుగో పుస్తకంలో, నాయిక ప్రాణం మీదికి వచ్చిన క్షణాన, హంతకుడి నెత్తిన పూలకుండీ తోసేస్తే పుస్తకం మూసేస్తాను. నియమం మార్చుకోవచ్చు, కానీ ఆ సంగతి ముందే ఎక్కడో చెప్పి ఉంచాలి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మొదటి పుస్తకంనుంచే వరసగా చదవండి. దెయ్యం ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్న ఒప్పందం అక్కడే కుదురుతుంది. ఒకదాని వెంట ఒకటి మాత్రం వద్దు. మూడు వరసగా చదివితే హంతకుడు ఏ అధ్యాయంలో మొదటిసారి మర్యాదగా పలకరిస్తాడో కూడా తెలిసిపోతుంది.

సమయం అయిపోయిందని అటునుంచి నిర్వాహకులు వేలితో పిలుస్తున్నారు. అథెనోడోరస్‌లా నేనూ కాస్త ఆగమని సైగ చేద్దామనుకున్నాను గానీ, ఆయన చేతిలో గంట ఉంది. వస్తున్నానండీ.