మంగళగిరి కొండ బద్దలు కాదు, బెజవాడ నేల మాత్రం కంపించగలదు

[దృశ్యం: దూరం నుంచి మంగళగిరి కొండ, దగ్గరవుతూ పానకాల స్వామి సన్నిధికి వెళ్లే మెట్లదారి]

పానకాల నరసింహస్వామికి సమర్పించే పానకంలో సగం స్వామి స్వీకరించి, మిగిలిన సగాన్ని భక్తులకు ప్రసాదంగా వదులుతాడన్నది మంగళగిరిలో తరతరాల విశ్వాసం. దాని పక్కనే మరో మాట కూడా గుంటూరు, కృష్ణా జిల్లాల్లో తరచూ వినిపిస్తుంది. ఈ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, లోపలి గంధకం రగలకుండా ఉండడానికే బెల్లం పానకం పోసే ఆచారం పుట్టిందనీ అంటారు. మొదటిది భక్తికి సంబంధించిన విషయం, దాని జోలికి ఈ వీడియో వెళ్లదు. రెండోది నేల గురించి చెప్పిన మాట కనుక, దాని నిజానిజాలను ఇక్కడి రాళ్లే చెప్పగలవు.

ఈ ప్రాంతపు కొండలు తూర్పు కనుమలకు చెందినవి. వీటిలో ప్రధానంగా కనిపించే ఖోండలైట్, చార్నోకైట్ అనే శిలలు లావా చల్లారి గడ్డకట్టగా వచ్చినవి కావు. భూమి లోపల ఇరవై కిలోమీటర్లకు పైగా లోతున, తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోనై రూపం మారిన శిలలివి. అదంతా జరిగి వంద కోట్ల సంవత్సరాలు దాటింది. అగ్నిపర్వతానికి ఉండవలసిన లావా పొరలు గానీ, బూడిద పొరలు గానీ, శిలాద్రవం పైకి వచ్చే మార్గం గానీ మంగళగిరి కొండకు లేవు.

[దృశ్యం: భూగోళాన్ని కోసి చూపే చిత్రం, పైపొర, దాని కింద మాంటిల్]

భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. సగటున వంద కిలోమీటర్ల మందం గల ఏడు పెద్ద ఫలకాలుగానూ, అనేక చిన్న ఫలకాలుగానూ అది విడిపోయి ఉంది, అవి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతుంటాయి. ఇక్కడొక అపోహను తొలగించుకోకపోతే ముందుకు వెళ్లలేము. ఫలకాల కింద లావా సముద్రం ఉందనీ, అవి దాని మీద తేలుతున్నాయనీ చాలామంది అనుకుంటారు, కొన్ని పాఠాల్లోని బొమ్మలు కూడా ఆ భావననే కలిగిస్తాయి. నిజానికి ఫలకాల కింద ఉన్న మందమైన శిలాపొర, అంటే మాంటిల్, దాదాపు అంతా ఘనపదార్థమే. లక్షల సంవత్సరాల కాలప్రమాణంలో అది మెల్లగా సాగుతుంది, ప్రవహిస్తుంది, కానీ కరిగి ఉండదు. వేడి చాలక కాదు, పైనున్న బరువు దానిని కరగనివ్వదు. అందువల్ల ఒకచోట అగ్నిపర్వతం ఉందంటే, అక్కడ మాంటిల్ కరగడానికి ప్రత్యేకమైన కారణం ఏదో ఉండి తీరాలి.

ఆ కారణాల్లో మనకు దగ్గరగా పనిచేస్తున్నది నీరు. అండమాన్, సుమత్రాల పశ్చిమాన భారత ఫలకం మరో ఫలకం కిందికి దిగిపోతోంది. సముద్రగర్భంలో కోట్ల ఏళ్లు ఉన్న ఆ శిలల ఖనిజాల్లో నీరు ఇమిడి ఉంటుంది. సుమారు వంద కిలోమీటర్ల లోతుకు చేరేసరికి ఆ నీరు బయటపడి పైనున్న మాంటిల్‌లోకి చేరుతుంది, దానితో మాంటిల్ శిల కరిగే ఉష్ణోగ్రత తగ్గి శిలాద్రవం పుడుతుంది. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా ఉన్న బారెన్ ద్వీపం అలా పుట్టిన అగ్నిపర్వతమే. దీర్ఘకాలం నిద్రాణంగా ఉండి 1991లో అది మళ్లీ రాజుకుంది. అదే హద్దు పైభాగంలో, రెండు ఫలకాలు ఒరుసుకుంటూ బిగుసుకుపోయిన చోట, 2004 డిసెంబరు 26న దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున నేల ఒక్కసారిగా జారింది. 9.1 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపం లేపిన సునామీ మచిలీపట్నం దగ్గరి మంగినపూడి తీరాన్ని కూడా తాకింది. ఆ భూకంపానికీ, బారెన్ ద్వీపపు మంటకూ మూలం ఒక్కటే, భారత ఫలకం కిందికి దిగడం.

ఫలకాలు ఎడమయ్యే చోట పైనున్న ఒత్తిడి తగ్గడం వల్ల కూడా మాంటిల్ కరుగుతుంది. ఐస్‌లాండ్ అందుకు ఉదాహరణ. ఫలకాలు పక్కపక్కన జారే కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ భ్రంశం, అంటే శిలలు విరిగి జారే పగులు, వెంట మాత్రం భూకంపాలే తప్ప ఆ జారుడు వల్ల అగ్నిపర్వతాలు పుట్టవు. హిమాలయాల్లోనూ అంతే, అక్కడ రెండు ఖండాలు ఢీకొంటున్నాయి.

[దృశ్యం: గోదావరి ఒడ్డు, కాతేరు దగ్గరి నల్లరాతి పొరలు]

లావాను చూడాలన్న కోరిక ఉన్నవారు మంగళగిరికి కాక రాజమహేంద్రవరం వెళ్లాలి. కాతేరు, పంగిడి పరిసరాల్లోని నల్లటి బసాల్ట్ నిజమైన లావా రాయి. దక్కను పీఠభూమిని లావా ముంచెత్తిన 6.6 కోట్ల ఏళ్ల నాటిది అది. పశ్చిమాన పుట్టిన లావా నాటి నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడికి చేరిందని అనేకమంది భూవిజ్ఞానులు భావిస్తున్నారు. ఆ లావాకు కారణమైన వేడి కేంద్రాన్ని, అంటే లోతు నుంచి అధికమైన వేడి పైకి వచ్చే చోటును, దాటి భారత ఫలకం ఉత్తరానికి వచ్చేసింది, ఆ కేంద్రం ఇప్పుడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపం కింద ఉంది. కనుక ఆ గతం కూడా మనకు నేటి భయం కానక్కరలేదు.

భూకంపం సంగతి వేరు. దానికి శిల కరగనవసరం లేదు, విరిగితే చాలు. హిమాలయాల దగ్గర అడ్డుపడుతున్న భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో ఇంకా ముందుకే తోసుకుపోతోంది, ఆ ఒత్తిడి ఫలకం నడిబొడ్డు వరకూ పాకుతుంది. గోదావరి లోయ వెంట ఉన్నటువంటి ప్రాచీన భ్రంశాలు ఆ ఒత్తిడికి అప్పుడప్పుడు లొంగి జారుతాయి. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు అలా కంపించినవే. 5.3 తీవ్రత గల ములుగు భూకంపం విజయవాడలోనూ తెలిసింది. ఫలకం అంచుకు దూరంగా ఉన్నామన్న నిశ్చింత ఎంత ప్రమాదకరమో 1993లో లాతూరు చూపింది. తీవ్రత 6.2 మాత్రమే అయినా, సుమారు పది వేలమంది, ఎక్కువగా బరువైన రాతి గోడల కింద, ప్రాణాలు కోల్పోయారు.

[దృశ్యం: ప్రకాశం బ్యారేజీ, తర్వాత నగరంలోని అపార్ట్‌మెంట్లు]

భూకంపాలను తట్టుకునేలా కట్టడాలను రూపొందించడానికి ఉద్దేశించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 యొక్క 2016 నాటి పటంలో విజయవాడ, గుంటూరు మూడో జోన్‌లో, అంటే ఒక మోస్తరు ప్రమాదం గల ప్రాంతంలో ఉన్నాయి. ఇక్కడ నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. దూరం నుంచి వచ్చిన తరంగాలు కూడా మెత్తని నేలలో పెద్దవవుతాయి. 2001లో కచ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింది అంతస్తు గోడలు లేని పార్కింగ్, పైన బరువంతా స్తంభాల మీదే ఉంది. మన వీధుల్లో కడుతున్నవీ ఎక్కువగా ఆ తీరువే. కనుక ఫ్లాటు కొనేవారు మట్టి పరీక్ష నివేదికను అడిగి చూడాలి, పార్కింగ్ స్తంభాలను భూకంపానికి తగినట్టు రూపొందించారా, స్తంభమూ దూలమూ కలిసే చోట ఇనుప రింగులను దగ్గర దగ్గరగా కట్టారా అని స్ట్రక్చరల్ ఇంజనీరును నేరుగా అడగాలి.