టోపీని పక్కన పెట్టి ఆటను చూద్దాం

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా తలుచుకోవాలనే ఉంది గానీ, నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో పది దానికే పోతాయి. శాలువా కూడా చివర్లో కప్పండి, ఇప్పుడు నా చేతులు ఖాళీగా ఉండాలి.

అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ టామ్ లాండ్రీ గురించి మాట్లాడమన్నారు. ఆట జరుగుతున్నంతసేపూ నెత్తిన టోపీతో మైదానం పక్కన నిలబడేవాడాయన. డాలస్ నుంచి ఫోర్ట్‌వర్త్ వెళ్లే ఐ-30 రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. ఆర్లింగ్టన్ స్టేడియం దగ్గర ఆయన విగ్రహం కూడా ఉంది. రోజూ ఆ రోడ్డు మీద తిరిగే మనవాళ్లను అడిగితే "ఆ టోపీ కోచ్ కదండీ" అంటారు. కాస్త తెలిసినవాళ్లయితే "డాలస్ కౌబాయ్స్ జట్టుకు 29 ఏళ్లు కోచ్‌గా చేస్తే చివరికి తీసేశారట" అని జాలిపడతారు. టోపీ గురించి, ఆ తీసేయడం గురించి చాలామందే చెప్పారు. ఆట గురించి చెప్పేవాళ్లే తక్కువ.

1924లో టెక్సస్‌లోని మిషన్ అనే ఊళ్లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్ కో-పైలట్‌గా 30 దాడుల్లో పాల్గొన్నాడు. తిరిగొచ్చి టెక్సస్ యూనివర్సిటీలో చదువూ ఆటా పూర్తిచేసి, 1950 నుంచి న్యూయార్క్ జయంట్స్‌కు డిఫెన్సులో వెనక వరస ఆడాడు. అక్కడ ఆడేవాడికి కాళ్లలో వేగం ఉండాలి, ఈయనకు అది అంతంతమాత్రం. బంతి గాల్లోకి లేచాక పరుగెత్తితే అందుకోలేడు. అందుకని లేవకముందే కనిపెట్టేవాడు. అవతలి జట్టు ఏ వరసలో నిలబడితే బంతి అందుకునే రిసీవర్ ఎటు పోతాడు, ఎన్ని గజాలు మిగిలితే ఏ ఎత్తు వేస్తారు, ఇవన్నీ ముందే లెక్క కట్టుకునేవాడు. ప్రొఫెషనల్‌గా ఆడిన మొత్తం 80 ఆటల్లో అవతలివాళ్ల పాస్‌ను 32 సార్లు మధ్యలోనే పట్టేశాడు. ఆ మధ్యలోనే హ్యూస్టన్ యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ కూడా పూర్తిచేశాడు. ఈ హాల్లో సగం మంది ఇంజనీర్లే కాబట్టి ఆ ముక్క గట్టిగా చెబుతున్నాను!

1954, 55లలో ఆడుతూనే డిఫెన్సు కోచ్‌గా చేశాడు. 56లో పూర్తిగా కోచ్ అయ్యాడు. అదే జట్టులో ఎటాక్ చూసుకున్నది విన్స్ లొంబార్డీ. ఆ ఏడాది జయంట్స్ చికాగో బేర్స్‌ను 47-7తో ఓడించి ఛాంపియన్లయ్యారు.

ఆ డిఫెన్సు ఎలా నిలబడేదో ఇక నోటితో చెబితే లాభం లేదు. బాబూ, ముందు వరసలో పిల్లలు ఏడుగురు పైకి రండి. నలుగురు ఇక్కడ వంగి నిలబడండి. ముగ్గురు వాళ్ల వెనక నిటారుగా ఉండండి. అదీ ఫోర్-త్రీ. అంతకుముందు ముందు వరసలో ఐదుగురు ఉండేవారు. నడుమనున్న ఐదోవాణ్ణి లేపి రెండు మూడడుగులు వెనక నిలబెట్టారు. వంగి ఉన్నవాడికి ఎదుటివాడి భుజాలు తప్ప ఏమీ కనపడవు. లేచి నిలబడితే మైదానమంతా కనిపిస్తుంది. వాణ్ణే మధ్య లైన్‌బ్యాకర్ అంటారు. జయంట్స్‌లో శామ్ హఫ్ ఆ మధ్య స్థానంలోనే పేరు తెచ్చుకున్నాడు.

పిల్లలూ, కదలకండి, ఇంకా అయిపోలేదు.

1960లో లాండ్రీ డాలస్ వచ్చాడు, లొంబార్డీ అప్పటికే గ్రీన్‌బే జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. లొంబార్డీ పద్ధతిలో, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నర్‌కు ముందే ఒక సందంటూ రాసిపెట్టి ఉండదు. డిఫెన్సువాడు ఎటు తోసుకొస్తే అటే వాణ్ణి ఇంకా నెట్టేస్తారు, ఏ సందు తెరుచుకుంటే రన్నర్ అందులో దూరతాడు. దానికి లాండ్రీ విరుగుడే ఫ్లెక్స్. నలుగురిలో ఇద్దరు, నువ్వూ నువ్వూ, రెండడుగులు వెనక్కి జరగండి. ఇప్పుడు ప్రతివాడికీ ఒక్కో సందు సొంతం. బంతి కదలగానే దాని వెంట పడకూడదు. ముందు నీ సందు మూయి, రన్నర్ అటు రాడని తేలాకే కదులు. కబడ్డీలో తొందరపడి గొలుసు వదిలి దూకినవాడి పక్కనుంచే కూతగాడు జారుకుంటాడు చూశారూ, ఇక్కడా అంతే. ఒక్కడు ఆశపడి బంతి వైపు ఉరికితే రన్నర్ చటుక్కున వెనక్కి కోసుకుని ఆ ఖాళీలోంచే పోతాడు. పదకొండు మందీ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి కాబట్టే కొత్తవాళ్లకు ఇది పట్టుబడడానికి చాలాకాలం పట్టేది. లోపమూ ఉంది. వెనక నిలబడ్డ ఆ ఇద్దరూ పాస్ వేసే క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి చేరడానికి ఆ రెండడుగులూ ఎక్కువ పరుగెత్తాలి. ముందు వరసలో బాబ్ లిల్లీ లాంటి గట్టివాళ్లు ఉన్నారు కాబట్టి అది సాగింది.

సరే, దిగండి నాన్నా. చప్పట్లు కొట్టండమ్మా పిల్లలకు!

ఇప్పుడు తల్లిదండ్రులకు ఒక మాట. మన డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో, ప్లేనోలో శనివారం పిల్లల ఆటలు జరిగే మైదానాల దగ్గర వినపడేది ఒకటే: "కోచ్ మారితే గానీ బాగుపడదండీ." రెండు ఆటలు ఓడిపోయారంతే. 1960లో కౌబాయ్స్ ఒక్క ఆట కూడా గెలవలేదు, 11 ఓటములు, ఒక డ్రా. తర్వాత మూడేళ్లూ గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. అప్పుడు యజమాని క్లింట్ మర్చిసన్ ఏం చేశాడు? 1964లో ఇంకో పదేళ్లకు ఒప్పందం రాసిచ్చాడు. 66 నుంచి 85 దాకా వరసగా 20 సీజన్లు ఓటముల కన్నా గెలుపులే ఎక్కువ, సీజన్ చివర ఛాంపియన్‌ను తేల్చే సూపర్ బౌల్‌లో రెండు గెలుపులు. ఆ పదేళ్ల కాగితం లేకపోతే ఫ్లెక్స్ నేర్పడానికి టైమెక్కడిది? అడుగుతున్నాను, చెప్పండి!

ఆయన పొరపాట్లూ ఉన్నాయి. 1971లో స్టాబాక్, మోర్టన్ అనే క్వార్టర్‌బ్యాక్‌లిద్దరిలో ఎవరన్నది తేల్చుకోలేక, చికాగోతో ఆటలో ఒక్కో ఎత్తుకు ఒక్కో క్వార్టర్‌బ్యాక్‌ను మార్చిమార్చి పంపాడు. 23-19తో ఓడిపోయారు. ఎత్తు గీసినవాడికి అందరూ ఒకటేగానీ, ఆడేవాళ్లకు ఒక్క గొంతు అలవాటవ్వాలి. ఆ తర్వాత స్టాబాక్‌నే ఖాయం చేశాడు. ఆ సీజన్‌లో ఇక ఓటమి లేదు, మయామీని 24-3తో ఓడించి తొలి సూపర్ బౌల్ గెలిచారు.

1988లో 3 గెలుపులు, 13 ఓటములు. మరుసటి ఫిబ్రవరిలో జట్టు కొన్న జెర్రీ జోన్స్ ఆయన్ని తీసేశాడు. దాని మీద ఇక నాతో వాదన పెట్టుకోకండి, భోజనాల దగ్గర చూసుకుందాం.

ఈసారి టీవీలో ఆట చూసేటప్పుడు ఒక్క పని చేయండి. బంతిని వదిలేసి, బంతి అందించే సెంటర్‌కు అటూ ఇటూ ఉండే గార్డులిద్దరినీ చూడండి. గార్డు పక్కకు పరుగు తీస్తే రన్నర్ చాలావరకు అటే పోతాడు. నిటారుగా లేచి వెనక్కి తగ్గితే పాస్. మధ్య లైన్‌బ్యాకర్ చూసేదీ అదే. కొన్నిసార్లు ఆ గార్డు కావాలనే మోసం చేస్తాడు, అప్పుడు మీరూ లైన్‌బ్యాకరూ కలిసే తప్పుతారు.

ఇక శాలువా తెండి.